పండగ వెళ్ళినా దించని నక్షత్రం

జనవరి రెండో తారీఖు పొద్దున్నే మా మనవడు స్టూలెక్కి వరండాలోని క్రిస్మస్ నక్షత్రం విప్పబోతుంటే, "ఉండనివ్వరా, అప్పుడే ఏం తొందర!" అని కేకేశాను. "పండగ అయిపోయిందిగా నానమ్మా" అన్నాడు వాడు. అమలాపురంలో కొనుక్కొచ్చిన ఆ ప్లాస్టిక్ నక్షత్రం నన్ను ఎక్కడికి లాక్కుపోయిందో వాడికేం తెలుసు! డెబ్బైల చివర్లో, రాజోలు దిగువన గోదావరి ఒడ్డున ఉన్న ఊరికి నేను కొత్తకోడలిగా వెళ్ళిన ఏడాది, మా పెద్ద తోడికోడలు ఒక నక్షత్రాన్ని మండుటెండల దాకా దించనివ్వలేదు.

ఆవిణ్ణి అక్కయ్యగారని పిలిచేదాన్ని. మనిషి పొట్టి, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకు వినపడేది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి పేరున ఒక కుండలో వేసేది. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి చేరేవి. కొత్తలో నేను బిడియంగా నాలుగు గింజలు వేస్తుంటే, "మా మరిది పిడికిలి అరువు తెచ్చుకో అమ్మా" అని అక్కయ్యగారు ఏడిపించేవారు. అప్పటికి గోదావరి, ఏటి నడుమ ఉన్న పక్క లంకను కోసుకుపోయి, ఇళ్ళు పోయిన కుటుంబాలు రేవు పాకలో తలదాచుకుంటున్నాయి. పిడికెడు బియ్యం అమ్మి, చర్చి వెనక మెరక మీద వాళ్ళకు తాటాకిళ్ళు వేయించాలని అక్కయ్యగారు పట్టుబట్టారు. వెదుళ్ళు ఒకరిచ్చారు, తాటాకు ఒకరిచ్చారు, మగవాళ్ళు మట్టి తొక్కారు, మేం గోడలు మెత్తాం. పెళ్ళివారిల్లు కూడా అంత సందడిగా ఉండదు! కొత్త కాపురాలకు ఇంటికో వస్తువు తెమ్మంటే, కోనసీమ కదా, అందరూ కొబ్బరికాయలే తెచ్చారు. ఉప్పు తెచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

క్రిస్మస్ ముందే అందరూ ఇళ్ళలో చేరారు, ఒక్కావిడ తప్ప. ఆవిణ్ణి లంకావిడ అనేవాళ్ళం. చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి, గోడ నిమిరి, గుమ్మానికి దణ్ణం పెట్టి, మళ్ళీ రేవు పాకకే పోయి పొయ్యి రాజేసుకునేది. పాస్టరుగారు వెళ్ళి ప్రార్థన చేస్తే కళ్ళు తుడుచుకుంది గాని కదల్లేదు. "ఊరికే వచ్చింది కదా, అలుసైపోయింది. పండగలోగా రాకపోతే ఇంకొకరికి ఇచ్చేద్దాం" అన్నారు సంఘపెద్దలు. అక్కయ్యగారు నన్ను వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళి పాకలో చతికిలబడ్డారు.

"ఇల్లు నచ్చలేదామ్మా?"

"నచ్చకేవండీ! మా ఆయన కాకినాడ పన్లోకెళ్తా, ఈ పాకలోనే ఉండు, వచ్చేస్తానన్నాడండి. వచ్చి, పాక ఖాళీగా ఉంటే మమ్మల్నీ గోదారి పట్టుకుపోయిందనుకుంటాడండి."

"పడవ నడిపే సరంగుగారికి చెప్పి ఉంచుదాం."

"ఆయన ఎవర్నీ ఏదీ అడగడండి. మహా మొగమాటం."

వెదుళ్ళూ తాటాకులూ అన్నీ లెక్క చూసుకున్నాం గాని, ఎందుకు రావట్లేదని ఆ మనిషిని ఒక్కరమూ అడగలేదు. "అయితే అడగక్కర్లేకుండానే చేద్దాం. నీ చీరల్లో ఆయన ఎరిగింది ఏదీ?" అన్నారు అక్కయ్యగారు.

ఆవిడ మూటలోంచి పసుపుపచ్చ చీర తీసింది. పెళ్ళినాటిది. దాని చెంగుతో వెదురుబద్దల మీద బారెడు నక్షత్రం కట్టాం. రంగు కాగితమైతే మంచుకే చిరిగిపోయేది. కొత్తింటి ముందు పొడుగాటి వెదురు పాతి ఎగరేస్తే పడవలోంచి కూడా కనిపించింది. ఎవరైనా దానికేసి నోరు తెరుచుకు చూస్తే హారన్ ఆపకుండా కొట్టాలని సరంగుగారికి అప్పజెప్పాం. "ఆయ్, అలాగేనండి!" అన్నాడాయన, పెళ్ళిపిలుపు అందుకున్నంత సంబరంగా. ఆ సాయంత్రమే లంకావిడ తన పొయ్యిరాళ్ళు తెచ్చేసుకుంది.

జనవరి వచ్చింది. చర్చి శిలువ కంటే ఎత్తున చీర ముక్క ఏమిటని పెద్దలు గొణిగారు. "పండగెళ్ళిపోయిందండీ, దించేయండి" అంటే, "తూర్పు జ్ఞానులు నక్షత్రం చూసిన మర్నాడే దిగిపోయేరాండీ? ఎంత దూరం నడిచేరో!" అని అక్కయ్యగారు నోరు మూయించారు. ఫిబ్రవరి పోయింది. చీర వెలిసింది. లంకావిడ రోజూ రేవు దాకా వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చేది.

మండుటెండల్లో ఒక మధ్యాహ్నం మిరపకాయలు ఎండబోస్తున్నాను. గోదావరి నడిమధ్య నుంచి హారన్! ఆగదే! నేను చాట వదిలేసి పరుగు. అక్కయ్యగారు చెప్పులైనా లేకుండా కాలే ఇసుకలో నాకంటే ముందు పరుగు. రేవు చేరేసరికి, ఒక బక్కపలచటి మనిషి నక్షత్రం మీంచి చూపు తిప్పకుండా, ఎవర్నీ ఏమీ అడక్కుండా, ఒడ్డెక్కి దాని కిందకి నడిచిపోతున్నాడు. మా వెనక సరంగుగారు ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

లంకావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. ఆయన కాళ్ళకేసి చూసి చెంబుతో నీళ్ళు అందించింది.

"కాళ్ళు కడుక్కుని రండి. ఇల్లు ఇప్పుడే అలికేను."

ఇన్నేళ్ళలో ఆ రేవూ పోయింది, అక్కయ్యగారూ లేరు. మా మనవడు స్టూలు దిగి, "ఎన్నాళ్ళుంచాలి నానమ్మా?" అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఉండనీరా అన్నాను. ఎన్ని జనవరులు గడిచినా, పడవ దిగవలసినవాళ్ళు ఇంకా ఎవరో ఉన్నారనే నాకు అనిపిస్తుంది.