ఉడుకుబుగ్గకు ప్రయాణం

మండే ఎండాకాలంలో మణికట్టు దాకా చేతులున్న రవికె తొడుక్కుని మోటారు బస్సులో కూర్చోవడం ఎట్లా ఉంటుందో నన్నడగండి. అవ్వ తన పాత చీర చింపి కుట్టిన రవికె అది. మా ఇళ్ళలో అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలిచేవాళ్ళం. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయి. చెమటకు గుడ్డ ఒంటికి అంటుకుపోయి ఒకటే దురద. గోక్కోబోతే అవ్వ నా చేతిని తన ఒళ్ళోకి లాక్కుని అదిమి పట్టింది.

ఆ రవికె కింద, ఎడమ ముంజేతి మీద, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ ఉంది. పసుపు పూశారు, వేపాకు నూరి కట్టారు, ఎవరేది చెబితే అది చేశారు. మచ్చ మాత్రం అద్దె కట్టని కిరాయిదారు లాగా కదలనంది. పెద్దరోగం కావచ్చునని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కుష్టు అన్న మాటను ఆ రోజుల్లో గొంతు తగ్గించి కూడా పలికేవాళ్ళు కాదు. బాపుది నిజామాబాద్‌లో చిన్న పసుపు దుకాణం. ఇంట్లో ఆ రోగముందని తెలిస్తే మా పసుపు ఎవరూ ముట్టరు. ఇక నన్ను ఊరి బయట గుడిసెలో పెడతారు. మా గల్లీలో ఒకామెను అట్లాగే పెట్టారు. ఆమె పిల్లలు అన్నం గిన్నె దూరంగా పెట్టి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. అది నేను కళ్ళారా చూసినదాన్ని. అందుకే నాకెవరూ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

మంజీర అవతల, మరాఠీ మాటలు వినబడే వైపు, ఒక చిన్న పేటలో ఉడుకుబుగ్గ ఉందని బాపుకు ఎవరో చెప్పారు. భూమిలోంచి పొగలు కక్కే నీళ్ళు ఊరుతాయట. ఆ నీళ్ళు మచ్చ మీద పోస్తే సుర్రుమనాలి. సుర్రుమంటే మామూలు మచ్చ. ఏమీ తెలియకపోతే పెద్దరోగం. ఈ మాత్రానికి ఇంట్లో కాచిన నీళ్ళు చాలవా అని మీరనవచ్చు. చాలును. కానీ మా పొయ్యి ముందు కూర్చుని ఆ సంగతి తేల్చుకునే ధైర్యం అవ్వకూ లేదు, బాపుకూ లేదు. దేవుడి నీళ్ళయితే కాస్త దయ చూపిస్తాయనుకున్నారేమో.

బస్సులో మా ఖర్మకొద్దీ ఎదురుగా ఒక తెలిసిన మనిషే కూర్చుంది. వేల్పూరు నుంచి బాపు దుకాణానికి పసుపు తెచ్చే రైతు భార్య. మంచిదే పాపం, కానీ కొందరి ప్రేమ పోలీసు విచారణ లాగా ఉంటుంది.

“గింత ఎండల గీ నిండు చేతుల రవికె ఏందే పోరికి?” అంది.

“చెమట పొక్కులు లేసినయక్కా. గోక్కుంటదని తొడిగిన,” అంది అవ్వ.

“ఏడికి పోతుండ్రు?”

“మొక్కున్నది.”

“ఏ దేవునికి?”

బాపు కిటికీలోంచి చెరుకు తోటలను చూడటం మొదలుపెట్టాడు. రైతు భార్య జవాబు కోసం ఆగకుండా మూట విప్పి పుట్నాలు తీసి, “దా బిడ్డా, రెండు చేతులు దోసిలి పట్టు,” అంది. దోసిలి పడితే రవికె పైకి జరుగుతుంది. అవ్వ చటుక్కున తన కొంగు పరిచి, “గిండ్ల పొయ్యక్కా, పోరి పారబోస్తది,” అంది. ఆ పుట్నాలు నేనొక్కటీ నమలలేకపోయాను.

బోధన్‌లో దిగి ఎడ్లబండి మాట్లాడుకున్నాం. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి అటంతా చెరుకే. ఇంకోనాడైతే ఒక గడ విరిచిమ్మని గోల చేసేదాన్ని. ఆ రోజు మాత్రం దారి పొడవునా రవికె మీది నుంచే మచ్చను గిల్లుకుంటూ కూర్చున్నాను. నొప్పి పెట్టినట్టే ఉండేది, మళ్ళీ పెట్టనట్టే ఉండేది. భయం పట్టుకుంటే మన ఒళ్ళు మన మాట కూడా వినదు.

బుగ్గకు రాళ్ళతో గట్టు కట్టి ఉంది. ఆడవాళ్ళ వైపుకు మగవాళ్ళు రాకూడదని బాపు బండి దగ్గరే ఆగిపోయాడు. అక్కడ నీళ్ళు పోసే ముసలమ్మ ఒక్కతే ఉంది. నా చేతిని ఎండలోకి తిప్పి చూసి, కొబ్బరి చిప్ప కోసం వెనక్కి తిరిగింది.

“ఆగు బిడ్డా, చిప్పతోని పోస్త. బాగ ఉడుకుంటయి.”

అవ్వ ఆగలేదు. వంగి కుడి అరచేత్తోనే నీళ్ళు ముంచుకుని మచ్చ మీద పోసింది. నేను కెవ్వుమన్నాను.

“ఏడ? మచ్చ మీదనేనా?”

“మీదనే అవ్వా! కాలింది!”

నమ్మలేక మళ్ళీ ముంచింది. మళ్ళీ అరిచాను. మూడోసారి పోసేసరికి నేను చేయి విదిలించుకుని దూరంగా పరుగెత్తాను. అవ్వ అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నాకు గుడిసె లేదు, దూరం నుంచి పెట్టే గిన్నె లేదు. మంటతో గంతులేస్తూనే నేనూ నవ్వాను. అంత సంతోషం నాకు తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

ముసలమ్మ మాత్రం నవ్వలేదు. కొబ్బరి చిప్ప చేతిలో అట్లాగే ఉంది.

“నీకు కాలలేదా తల్లీ?” అంది.

అవ్వ ఏడుపు ఆగింది. తన అరచేయి చూసుకుంది. ఎర్రగా కమిలి, బొటనవేలి కింద బొబ్బ లేస్తోంది. ముసలమ్మ చిప్పను గట్టు మీద పెట్టింది. అవ్వ మరోసారి వంగి ఆ చేతిని మెల్లగా నీళ్ళలో పెట్టింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. అది మారుతుందని ఎదురుచూశాను. ఎంతసేపటికీ మారలేదు.

చేయి తీసి, కొంగుతో తుడుచుకుని, ఆ కొంగునే చేతికి చుట్టుకుంది. బండి దగ్గర నుంచి బాపు గొంతు వినిపించింది. “ఏమాయెనే? సుర్రుమన్నదా?”

“అన్నది! బిడ్డకేం లేదు!” అని అవ్వ గట్టిగా జవాబిచ్చింది.

బాపు బండి పట్టెను గుద్దుతూ పిచ్చివాడిలా నవ్వడం వినబడింది. ఇన్ని నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు. అవ్వ నన్ను దగ్గరకు తీసుకోబోయి, అంతలోనే ఆగిపోయి, ఒక అడుగు వెనక్కి వేసింది.

“బాపుతోని ఇప్పుడే అనకు బిడ్డా,” అంది. “ఇయ్యాల్ల ఒక్క దినం నవ్వనియ్యి.”