సైగాన్‌లో మామ్మగారి మేడమీది గది

టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో పక్కింటికి కరివేపాకు అడగడానికి కూడా కారులోనే వెళ్తామని ఇండియాలో వాళ్ళకి చెప్తుంటాను. అది అబద్ధం. పక్కింటికి నడిచే వెళ్తాం. దాని అవతలి ఇంటికి మాత్రం కారు.

ఇలాంటివి నేను చాలా చెప్తాను. వాటిలో ఒకటి ఎనిమిదేళ్ళపాటు నన్ను పోషించి, చివరికి నా మెడకే చుట్టుకుంది. అదే రాస్తున్నాను.

ఎవరింట్లోనో పుట్టినరోజు. పేపరు ప్లేట్లు పట్టుకుని మగవాళ్ళమంతా గరాజ్‌లో నిలబడ్డాం. ఒకాయన కాన్‌కూన్ వెళ్ళొచ్చాడు, ఇంకొకాయన అలాస్కా క్రూజ్, మరొకాయన పారిస్. వరస నా దగ్గరికొచ్చింది.

"మీరు ఎక్కడికీ కదలరేంటి గురువుగారూ?"

కదలకపోవడానికి కారణం ఉంది. నేను గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్నవాణ్ణి. పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర గడువు ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు, బయటికి వెళ్తే మాత్రం అక్కడి కాన్సులేట్‌లో మళ్ళీ ముద్ర వేయించుకునే తిరిగి రావాలి. నాకు తెలిసిన ఒకాయన రెండు వారాలకని వెళ్ళి అక్కడే నెలల తరబడి ఇరుక్కుపోయాడు. ఇల్లు, ఉద్యోగం, పిల్ల చదువు అన్నీ ఇక్కడే. తలుపు బయటికి తెరుచుకుంటుంది, తిరిగొస్తే తీస్తారో లేదో తెలియదు. అలాంటి ఇంట్లో ఉన్నవాడు గడప దాటడు.

ఆ మాటే చెప్పొచ్చు. కానీ చేతిలో గుత్తివంకాయ ఉంది, ఎదురుగా అలాస్కా ఉంది.

"తిరగాల్సింది ఎప్పుడో తిరిగేశానండీ. వియత్నాంలో, సైగాన్‌లో ఆర్నెల్లున్నాను. టూరిస్టులా కాదు, అక్కడి మనిషిలా," అన్నాను.

అలాస్కా ఆయన తన ఫోన్‌లో ఫొటోలు చూపించడం ఆపేశాడు. అంతే, నాకు రుచి మరిగింది.

ఆ తర్వాత ప్రతి విందుకీ సైగాన్‌లో నా కాపురం కొంచెం కొంచెం పెరిగింది. ఒక సందు వచ్చింది. సందు మొదట్లో ఎర్ర ప్లాస్టిక్ స్టూలు వేసుకుని పొద్దున్నే కాఫీ తాగేవాణ్ణి. కాఫీ సంగతి మాత్రం నిజంగా తెలుసు, ఇక్కడి వియత్నాం కొట్లో తాగుతూనే ఉంటాను. తర్వాత మార్కెట్ వచ్చింది. అక్కడ బేరమాడకపోతే చేపలమ్మే ఆవిడ అలిగేది. ఆ తర్వాత మామ్మగారొచ్చారు. వాళ్ళ తాతలనాడు కాకినాడలో ఓడెక్కి వెళ్ళిన కుటుంబం, భర్త లేరు, మేడమీది గది నాకు అద్దెకిచ్చారు. రాత్రి ఆలస్యమైతే సందు చివర నిలబడి "ఒరే అబ్బాయ్" అని కేకేసేవారు. మామ్మగారంటే మా వాళ్ళకి ప్రాణం. ఆడవాళ్ళు ఆవిడ పులుసు ఎలా పెట్టేవారో అడిగి రాసుకున్నారు. నేను చెప్పిన కొలతలతో పెట్టుకుని బాగుందన్నారు కూడా.

మా ఆవిడకి అసలు సంగతి తెలుసు. అమెరికా రాకముందు హైదరాబాద్‌లో పనిచేస్తున్నప్పుడు కంపెనీవాళ్ళు నన్ను సైగాన్ పంపితే సూట్‌కేసు సర్దింది ఆవిడే. ఎనిమిది రోజులకి ఎనిమిది చొక్కాలు. అయినా ఏనాడూ నలుగురిలో నా పరువు తీయలేదు. కారెక్కాక మాత్రం అడిగేది.

"మామ్మగారికి ఈసారి బంగారు పన్ను కట్టించారేం?"

"కథకి కావాల్సొచ్చింది."

"ఆవిడకి వయసు మీదపడుతోంది. కాస్త చూసుకుని నడిపించండి."

మాకు నాలుగిళ్ళ అవతల, ఒక తెలుగువాళ్ళింట్లో గది తీసుకుని ఒక అమ్మాయి ఉండేది. సొంతూరు హనుమకొండ. ఇక్కడే ఎంఎస్ చేసి ఉద్యోగంలో చేరింది. హెచ్-వన్ వీసా లాటరీలో మూడేళ్ళు వరసగా పేరు రాలేదు. ఇక ఉండటానికి కాగితం లేదు. ఒక శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"అంకుల్, మా కంపెనీ వాళ్ళు ఒక ఆప్షన్ ఇచ్చిన్రు. సైగాన్ ఆఫీస్‌ల ఒక్క సంవత్సరం చేస్తే మళ్ళ ట్రాన్స్‌ఫర్ మీద ఇక్కడికి తెస్తరట. శుక్రవారం లోపట చెప్పాలె. వద్దంటే ఇగ జాబ్ లేదు, ఇంటికే."

"మంచిదే కదమ్మా."

"అందరు మిమ్మల్నే అడగమన్నరు. మీరు అక్కడ లోకల్ కదా. నాకు కేటీ ఇయ్యాలె."

కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఆచారం. ఒకడు పని వదిలి వెళ్తున్నప్పుడు తన బుర్రలో ఉన్నదంతా వచ్చేవాడికి ఒప్పజెప్పాలి. వచ్చేవాడు ప్రశ్నలడుగుతాడు, ప్రతి మాటా డాక్యుమెంట్‌లో ఎక్కిస్తాడు. మా వాళ్ళు పెళ్ళాం పురిటికెళ్ళినా, కొత్త కుక్కర్ కొన్నా కేటీ అడుగుతారు. ఇన్నేళ్ళలో నేను ఎన్నో ఇచ్చాను, ఎన్నో పుచ్చుకున్నాను. లేని ఊరి మీద ఇవ్వడం అదే మొదటిసారి.

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. అమ్మాయి టైప్ చేస్తోంది.

"మామ్మగారింటికాడి నుంచి మార్కెట్ ఎంత దూరం అంకుల్?"

"ఎంతమ్మా, ఇలా దిగితే అలా."

"నిమిషాల్లో చెప్పుర్రి."

"నాలుగు."

"పోయిన దసరాకు పదిహేను అన్నరు."

"అది వానాకాలం సంగతి."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "వానకి మార్కెట్ జరిగిందా ఏంటండీ?"

అమ్మాయి నవ్వలేదు. 'వానాకాలంలో పదిహేను' అని రాసుకుంది. కేటీలో నవ్వులుండవు. విందులో చెప్పింది వంకాయతోపాటు అరిగిపోతుంది గానీ, డాక్యుమెంట్‌లో పడింది కదలదు. ఆదివారం కూడా వచ్చింది. సాయంత్రానికి పదకొండు పేజీలయ్యాయి. చివరి పేజీలో పసుపు రంగు పూసిన వరస ఒకటే మిగిలింది: మామ్మగారి ఫోన్ నంబరు, అంకుల్ ఇస్తారు.

"పాత డైరీ వెతకాలమ్మా," అన్నాను.

సోమవారం మెసేజ్ చేసింది. మంగళవారం రెండుసార్లు. ఆ రెండు రోజులూ ఇంట్లోంచి బయటికి రావడానికి ముందు కిటికీలోంచి వీధి చూసుకునేవాణ్ణి. చెత్తడబ్బా బయటపెట్టడానికి కూడా మా కూతుర్ని పంపాను. చీకట్లో కాదు, మిట్టమధ్యాహ్నం, సొంతింట్లో, దొంగలా.

బుధవారం సాయంత్రం ఆ అమ్మాయే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నాన్న ఒప్పుకున్నడు అంకుల్. ఫస్ట్ అయితే అస్సలు వద్దన్నడు. తెలియని దేశంల ఒక్కదానివి ఎట్లుంటవ్, ఇంటికి రా, సంబంధాలు చూస్త అన్నడు. మామ్మగారి సంగతి చెప్పిన. మన తెలుగామె, అంకుల్ ఉన్న ఇల్లే అని. గప్పుడు ఊకున్నడు. ఒక్కసారి ఆమెతోటి మాట్లాడిపిస్తే చాలన్నడు. నంబర్ దొరికిందా?"

మా ఆవిడ స్టవ్ కట్టేసింది.

"ఆవిడ లేదమ్మా," అన్నాను.

"అయ్యో. పోయిన్రా? ఎప్పుడు?"

ఎంత మంచి దారి చూపించిందో చూడండి. ఒక్కసారి తల ఊపి నిట్టూరిస్తే బయటపడిపోతాను. మామ్మగారికి సద్గతి, నాకు విముక్తి. నోటిదాకా వచ్చింది.

"పోలేదు. అసలు పుట్టలేదు."

అమ్మాయి లాప్‌టాప్ మూత సగం దించి మళ్ళీ తెరిచింది. "సందు?"

"లేదు."

"మార్కెట్?"

"ఉండే ఉంటుంది. నేను చూడలేదు."

"మరి ఏం చూసిన్రు అంకుల్ అక్కడ?"

చెప్పాను. ఎనిమిది రోజులూ హోటల్ నుంచి ఆఫీసుకి వ్యాన్, ఆఫీసు నుంచి హోటల్‌కి వ్యాన్. చివరి రోజు సాయంత్రం ధైర్యం చేసి ఒక్కణ్ణే బయటికొచ్చాను. రోడ్డుకి అటువైపు చిన్న కాఫీ కొట్టు. మధ్యలో స్కూటర్లు, సందు లేకుండా, ఏటి నీళ్ళలా వస్తూనే ఉన్నాయి. అక్కడివాళ్ళు పరిగెత్తరు, ఆగరు. నిదానంగా నడుచుకుంటూ పోతే స్కూటర్లే పక్కకి తప్పుకుంటున్నాయి. తట్ట పట్టుకున్న ఒక ముసలావిడ నా పక్కనుంచే దిగి అలాగే నడిచి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే వెళ్దామని కాలు దింపాను, తీశాను. మళ్ళీ దింపాను, తీశాను. అరగంట ఫుట్‌పాత్ మీదే నిలబడి, హోటల్‌కి తిరిగొచ్చి రొట్టె తిని పడుకున్నాను. ఆ రోజు ఆవిడ వెనక నడిచుంటే ఎక్కడికి వెళ్ళేవాణ్ణా అని ఇక్కడికొచ్చాక తరచూ అనుకునేవాణ్ణి. అలా అనుకుంటూ ఆవిడకి ఇల్లు కట్టాను, మేడ వేశాను, తెలుగు నేర్పాను.

ఆ అమ్మాయి నా ఎదురుగానే ఒక్కో పేజీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టింది. పదకొండు పేజీలు పోయి అరపేజీ మిగిలింది. హోటల్, వ్యాన్, కాఫీ. చాలాసేపు ఆ అరపేజీ వైపు చూసి, తర్వాత నావైపు చూసింది.

"నాన్నతోటి మీరే మాట్లాడాలె."

"మాట్లాడతానమ్మా. నిజం చెప్పేస్తాను."

"నిజం కాదు అంకుల్. ఆమె ఉన్నదని చెప్పాలె."

మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎనిమిదేండ్లు ఎవలు అడగకుంటెనే చెప్పిన్రు. ఇయ్యాల నేను అడుగుతున్న. నేను ఇంటికి పోతే మళ్ళ బయటకు రాను. మీకు తెల్వదా?"

తెలుసు. తలుపుల సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆమె ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. వాళ్ళ నాన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఎలాంటి ప్రయాణికుణ్ణయినా మొహం చూసి పట్టేసే రకమట. నా అదృష్టం, అది వీడియో కాల్ కాదు.

"అన్నా, ఆమె మంచిదేనా?"

జీవితంలో మొదటిసారి అబద్ధమాడుతున్నట్టు నోరు ఎండిపోయింది. "బంగారమండీ. ఫోన్లో మాట్లాడదు, చెవుడు. మీ అమ్మాయిని కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది."

"చెవులు వినపడవా. పాపం," అన్నారాయన.

శుక్రవారం అమ్మాయి కంపెనీకి సరేనని రాసింది. సైగాన్ వెళ్ళిపోతూ ఆ డాక్యుమెంట్‌లో పాత వెర్షన్‌ని వెనక్కి తెచ్చి నాకు, మా ఆవిడకి షేర్ చేసింది. "ముగ్గురం ఒక్క తీరుగ చెప్పాలె కదా," అంది.

ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు ప్రతి ఆదివారం పొద్దున, మాకు కాఫీల వేళకి, వాళ్ళకి దీపాలు పెట్టే వేళకి, వాళ్ళ నాన్న నుంచి ఫోన్ వచ్చేది. అమ్మాయి బాగోగులు అమ్మాయినే అడిగేవారు. నన్ను మాత్రం మామ్మగారి గురించి అడిగేవారు. నేను ముందే డాక్యుమెంట్ తెరిచి పెట్టుకునేవాణ్ణి. అమ్మాయి సైగాన్ నుంచి రాసేది: 'ఈ వారం మోకాలి నొప్పి అని చెప్పిన'. మా ఆవిడ కింద రాసేది: 'ఎడమ మోకాలు. పోయిన నెల కుడి అన్నారు, చూసుకోండి'. ఆవిడ మోకాలికి ఆయన తైలం పంపిస్తానంటే, కస్టమ్స్‌లో ఆపేస్తారని చెప్పాను. ఊరిమీద తిరగడం మానేసి ఆదివారాలు ఇంట్లోనే ఉండేవాణ్ణి. విందుల్లో ఎవరైనా సైగాన్ కబుర్లు అడిగితే మాట మార్చేవాణ్ణి. కొత్తగా ఒక్క ముక్క కల్పించాలన్నా ముగ్గురి అనుమతి కావాలి. ఇదివరకు దేశం దాటలేకపోయేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కథ కూడా దాటలేకపోయాను.

గత నెలలో ఒక ఆదివారం ఆయన గొంతు హుషారుగా ఉంది.

"అన్నా, పాస్‌పోర్ట్ వచ్చింది. టికెట్ గూడ చేయించిన. బిడ్డకు చెప్పలె. పదిహేనో తారీకు పోయి ఆమెకు దండం పెట్టి, ఒక చీర పెట్టి వస్త. మా ఇంటిది గద్వాల చీర కొన్నది."

ఫోన్ పెట్టాక డాక్యుమెంట్ తెరిచాను. మామ్మగారిని చంపేద్దామా అనుకున్నాను. వారం టైముంది, నిమోనియా సరిపోతుంది. కర్సర్ మామ్మగారి పేరా చివర నిలబడింది. మా ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ చీర ఏం చేస్తారాయన?" అంది.

అమ్మాయికి ఒక్క వరస రాశాను: 'నాన్నగారికి నేను చెప్పేస్తున్నాను'. అక్కడినుంచి చాలాసేపటికి జవాబొచ్చింది: 'చెప్పుర్రి. నాకు గూడ శాతనైతలేదు'.

ఫోన్ చేశాను. ఏ మలుపులూ లేకుండా చెప్పాను. మామ్మగారు లేరని, ఎప్పుడూ లేరని, ఆ మొదటి రోజు ఫోన్‌లో కావాలనే అబద్ధమాడానని. అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

"మరి నా బిడ్డ ఎవలింట్ల ఉంటున్నది?"

"సొంతంగా చిన్న ఇల్లు తీసుకుందండీ. ఒక్కతే."

"ఒక్కతే?"

"అవునండీ."

"ఎనిమిది నెలల సంది?"

"అవునండీ."

"జరం వచ్చిందన్నది కదా నడుమ. మామ్మ కషాయం కాసి ఇచ్చిందన్నరు మీరు."

"తనే కాచుకుంది."

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడుతున్నట్టు లేదు. "ఒక్కతే కాచుకున్నది," అన్నారు. ఇంట్లో ఎవరితోనో చెప్పినట్టు మళ్ళీ అన్నారు.

"నన్ను క్షమించండి," అన్నాను.

"నేను పోత. టికెట్ ఉన్నది. బిడ్డ ఇల్లు చూసి వస్త. చీర దానికే ఇస్త. మీరు ఇగ నాకు ఫోన్ చెయ్యకుర్రి అన్నా."

పెట్టేశారు.

నేను పెరటి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. అన్ని పెరళ్ళకీ ఒకే ఎత్తు చెక్క కంచె, అన్ని కంచెలకీ ఒకే రంగు. కాఫీ చల్లారిపోయిందంటూ మా ఆవిడ లోపలినుంచి పిలిచింది.

"వస్తున్నా," అన్నాను. వెళ్ళడానికి ఇంకెక్కడుంది?