పంచామృతం తిండి కాదట!

కృష్ణానగర్‌లో మా పై వాటాలో ఉండే రఘునందన్ అన్న సినిమాల్లో కంటిన్యుటీ చూస్తాడు. నిన్నటి షాట్‌లో హీరో చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో ఫొటో తీసి, ఇవాళ అలాగే ఉండేట్టు చూడటం ఆయన పని. తెర మీద ఆయన పేరు వచ్చేసరికి జనం బైకుల దగ్గర ఉంటారు.

కూతురు మేధకు ఎనిమిదేళ్లు. పొద్దున్నే మోకాళ్లు వాచి, మెట్లు దిగలేక ఏడ్చేది. అన్నే మోసేవాడు. పెద్దాసుపత్రి మందులు వాడుతున్నా నొప్పి పూర్తిగా పోలేదు. బంజారా హిల్స్‌లో ఒక ప్రకృతి వైద్యురాలు, “ఆ మందులు మానొద్దు. నెల రోజులు పాలు, పెరుగు, నెయ్యి మాత్రం ఆపండి. కొందరు పిల్లలకు పడవు” అంది.

ఇలాంటి వైద్యాల మీద నాకు నమ్మకం లేదు. అన్నతో మొహం మీదే చెప్పాను.

“నమ్మడమెందుకురా? ఫొటోలున్నాయిగా!” అన్నాడు.

తినకముందు కంచం, తిన్నాక కంచం, పొద్దున లేవగానే మోకాళ్లు, అన్నీ ఫొటో తీసేవాడు. రెండు వారాల్లో వాపు తగ్గింది. కానీ ఆదివారం వస్తే చాలు, మళ్లీ పొంగేది. శనివారం కంచాలు చూస్తే ఏ తప్పూ లేదు. చివరికి అన్న వేలు ఒక ఫొటో మీద ఆగింది.

“పొద్దున గౌను మీద మరక లేదు. సాయంత్రం ఉంది. మధ్యలో ఏదో సీను జరిగింది. అమ్మా, శనివారం దీన్నెక్కడికి తీసుకెళ్లావు?”

“గుడికి” అంది అన్న వాళ్లమ్మ సత్యలక్ష్మి గారు, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

“ఏం పెట్టావు?”

“ఏమీ పెట్టలేదు నాయనా. దోసిట్లో కాస్త పంచామృతం, అంతే.”

“అందులో ఉండేవి పాలు, పెరుగు, నెయ్యే కదమ్మా!”

“ప్రసాదంరా అది! తిండెలా అవుతుంది?”

నేను ఆగలేకపోయాను. “పెద్దమ్మా, గది ప్రసాదమని మోకాలికెట్ల తెలుస్తది?”

“డిగ్రీ సగంలో వదిలేసినోడివి, నువ్వా నాకు చెప్పేది?”

అన్నదే గానీ, మరుసటి శనివారం పూజారి కాశీవిశ్వనాథం గారిని తనే అడిగింది. “తులసి తీర్థం చాలమ్మా, స్వామి ఏమీ అనుకోడు” అన్నాడాయన. “స్వామిని అడిగే చెబుతున్నారా?” అని ఆయన్ని కూడా వదల్లేదు.

తర్వాత మూడు ఆదివారాలు వాపు రాలేదు. మేధ మెట్లు తనే దిగింది. అయితే తగ్గించింది మందులా, పాలు మానడమా? తేలాలంటే ఒక్కసారి పాలు తాగించి చూడాలంది వైద్యురాలు. ఆసుపత్రి డాక్టరూ సరేనన్నాడు. అన్న గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి రావడం లేదు.

“నేను తాగుతా నాన్నా” అంది మేధ. “కానీ ఆదివారం తాగుతా. సోమవారం లెక్కల పరీక్ష.”

సోమవారం పొద్దున రెండు మోకాళ్లూ పొంగాయి. పరీక్ష ఎగ్గొట్టానని నవ్వబోయి, కాలు కదపగానే ఏడ్చింది. అన్న చల్లటి గుడ్డ చుట్టాడు.

“నాన్నా, మళ్లీ తాగాలా?”

“వద్దమ్మా. ఈ షాటు ఓకే” అన్నాడు. పెద్దమ్మ ఇంట్లో ఉన్న పెరుగు గిన్నె తెచ్చి, కిందికి పట్టుకుపొమ్మని నా చేతిలో పెట్టింది.