గుల్ల బండ

ఆరేళ్లుగా ఒక్క మాట నా లోపల బరువుగా ఉంది. "జూసిన." నా తమ్ముడు అడిగితే చెప్పిన మాట. అది అబద్ధం. అబద్ధం చెప్పడం ఒక తప్పు, దాన్ని ఇన్నాళ్లు దాచడం ఇంకో తప్పు. రెండింటిలో ఏది పెద్దదో నాకు ఇప్పటికీ తేలలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది తాండూరు. నాన్న ఇళ్లలో బండలు పరిచే మేస్త్రీ. ఎన్నో ఇళ్ల నేలలు చదును చేసిన మనిషి, మా వంటింట్లో ఒక బండను మాత్రం అలాగే వదిలేశాడు. దాని కింద సిమెంటు మాలు సరిగా నిండలేదు. కర్రతో తడితే మిగతావి ఖంగుమనేవి, అది గుల్లగా పలికేది. గుల్లగా పలికిన బండను లేపి మళ్లీ పరచాలని చెప్పేది నాన్నే. సొంత ఇంటికి వచ్చేసరికి ఆయనకు తీరిక దొరకలేదు. అలాగే పోయాడు.

ఆ బండ నాకూ తమ్ముడికీ పనికొచ్చింది. అంచు పట్టి లేపితే కింద చెయ్యి దూరేంత ఖాళీ. వాడు నోటితో చెప్పలేనివన్నీ అక్కడ పెట్టేవాడు. తక్కువ మార్కుల కాగితం. స్కూల్లో పగలగొట్టిన కిటికీ అద్దం గురించి ఒక చీటీ. పెట్టి, మడమతో బండను రెండుసార్లు తట్టి వెళ్లిపోయేవాడు. నేను తీసి చూడాలి. అమ్మకు చెప్పాలా వద్దా, చెబితే ఎలా చెప్పాలి అన్నది నేను తేల్చాలి. అది మా ఇద్దరి మధ్య కట్టుబాటు.

మేము హైస్కూల్లో ఉండగా ఎదురింటి వాళ్ల కంప్యూటర్‌లో ఒక ఆట చూశాం. అందులో కాల్చడం, చంపడం లేవు. మనుషులు లేని లోకంలో నడవాలి, చూడాలి, వినాలి, మూసి ఉన్న తలుపు ఎందుకు మూసి ఉందో కనుక్కోవాలి. ఆ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారని, అదే పద్ధతిలో సొంతంగా కొత్త లోకాలు కట్టి ఇంటర్నెట్‌లో పంచుకుంటారని పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి నేను వికారాబాద్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో చేరాను. వాడు ఇంటర్ తప్పి తాండూరులోనే బండల పాలిష్ పనికి వెళ్తున్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లం కూర్చొని, ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకొని, ఎవరో కట్టిన లోకంలోకి ఇద్దరం ఒకేసారి దిగేవాళ్లం. ఒకదాంట్లో వెనక్కి నడిస్తేనే వాన ఆగేది. ఇంకోదాంట్లో ఒక మెట్ల బావి, నీడ పడిన మెట్టు మీదే అడుగు వేస్తే నీళ్లు తగ్గేవి. నేను గోడల మీది రాతలు చదివేదాన్ని. వాడు గోడలన్నీ తట్టి చూసేవాడు. "నువ్వు సదువక్కా, నేనింట" అనేవాడు. ఎక్కడైనా పూర్తిగా ఇరుక్కుపోతే తప్ప సూచనల కాగితం తెరవకూడదని మా నియమం. "ఆ కంప్యూటర్ వీని కండ్లు తింటున్నది" అని వెనక నుంచి అమ్మ తిట్లు కూడా వినిపించేవి.

తర్వాత వాడే ఒక లోకం కట్టాడు. రెండేళ్లు పట్టింది. ఒక ఆదివారం పెన్‌డ్రైవ్, అంటించిన కవరు తెచ్చి ఇచ్చాడు. కవరులో సూచనలు. "ముందుగాల నీకే ఇస్తున్న. సౌండ్ పెట్టుకొని ఆడు" అన్నాడు. దగ్గాడు. బండల పనిచేసేవాళ్లు దగ్గుతారు. నేను పట్టించుకోలేదు.

ఆ వారం లైబ్రరీలో పుస్తకాల తనిఖీ ఉంది, అందుకే వాడి ఆటను పైపైన చూశాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. వాడు కట్టినదాంట్లో పెద్దగా ఏమైనా ఉంటుందని నేను అనుకోలేదు. నేను పుస్తకాల మధ్య బతికేదాన్ని, వాడు ఇంటర్ తప్పినవాడు. ఇంత చిన్న లెక్క నా మనసులో ఉందని అప్పుడు అడిగితే ఒప్పుకునేదాన్నా? ఒప్పుకునేదాన్ని కాదు. కానీ ఉంది.

మధ్యాహ్నం అన్నం తింటూ లైబ్రరీ కంప్యూటర్‌లో ఆట పెట్టాను. దానికి స్పీకర్లు లేవు. ఇయర్‌ఫోన్లు బ్యాగులో ఉన్నాయి. తీయలేదు. నీళ్లు నిండిన ఒక గని, దాని మీదుగా పరిచిన బండల దారి. తప్పు బండ మీద కాలు పెడితే మళ్లీ మొదటికి పడేస్తుంది. రెండుసార్లు పడ్డాను. మూడోసారి కవరు చింపాను. ఎడమకు మూడు, ముందుకు రెండు అని వరసగా రాసి ఉంది. అలాగే నడిచి చివరి గేటు దాటాను. అరగంట పట్టలేదు.

మరుసటి ఆదివారం ఫోన్ చేసి, వికారాబాద్ స్టేషన్‌కు రమ్మన్నాడు. ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చొని ఉన్నాడు. ఉతికిన చొక్కా. బ్యాగులోంచి పెద్ద గోధుమరంగు కవరు అంచు కనిపిస్తోంది. ఆటకు సంబంధించిన కాగితాలనుకున్నాను.

"అంత జూసినవా అక్కా?"

"జూసిన."

"బండల కాడికి పోయినవా?"

"పోయిన రా. గేటు గూడ దాటిన."

కాసేపు నా ముఖంలోకి చూశాడు. "మరేమంటవ్?"

వాడు ఆ లోకాన్ని అందరికీ పంచడం గురించి అడుగుతున్నాడనుకున్నాను. "మంచిగనే ఉంది. గట్లనే ఉండనీ. ఇప్పుడేం తొందర?"

"తొందర లేదంటవా?"

"ఏం లేదు. జర ఆగి జూద్దాం."

"అమ్మకు?"

"అమ్మకెందుకురా? ఉత్తగ పరేషాన్ అయితది."

వాడు నవ్వాడు. "సరే తీ. లైబ్రరీ మేడం చెప్పినంక ఇగ అప్పీలు లేదు."

టీ తాగాం. హైదరాబాద్ వైపు రైలు వచ్చింది, పోయింది. వాడు తాండూరు బండి ఎక్కాడు.

ఎనిమిది నెలల తర్వాత వాడిని హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాం. పదకొండు రోజులు ఉన్నాడు. ఇంతవరకు ఏం చేశారని డాక్టర్ అడిగితే, "మాకెవ్వరికి చెప్పలే సార్" అంది అమ్మ. నేనూ తలూపాను. అప్పటికి నాకు అది నిజమే.

వాడు పోయిన నలభై రోజులకు ప్రార్థన అయ్యాక అమ్మ వాడి కంప్యూటర్ నాకిచ్చింది. వాడి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆ లోకంలోకి మళ్లీ వెళ్లాను. ఈసారి కాగితం లేదు. ప్రతి బండనూ తట్టాను. గట్టివి ఖంగుమన్నాయి, పడేసేవి గుల్లగా పలికాయి. నాన్న చేతి కర్ర చప్పుడే. గేటు దాటాను. అవతల మూలకు ఇంకో బండ ఉంది. తట్టాను. గుల్లగా పలికింది. అంతదూరం గుల్ల బండలను తప్పించుకుంటూ వచ్చినవాళ్లెవరూ దాన్ని ముట్టుకోరు. మా వంటింటిని ఎరిగిన మనిషి మాత్రమే లేపి చూస్తుంది.

లేపాను. కింద వాడు కట్టిన మా వంటిల్లు. పొయ్యి పక్కన పలక మీద వాడి రాత.

"అక్కా, దగ్గితే రక్తం పడుతున్నది. ఈడ డాక్టరు ఎక్స్‌రే తీసి హైదరాబాద్ పొమ్మన్నడు. ఒక్కన్ని పోవాలంటే భయమైతున్నది. నువ్వొస్తవా? అమ్మకు చెప్పాల్నా వద్దా నువ్వే జెప్పు."

ప్లాట్‌ఫాం మీద మేము మాట్లాడుకున్న ఒక్కో మాటా అప్పుడు మళ్లీ విన్నాను. తొందర లేదంటవా. అమ్మకు. వాడి దృష్టిలో నేను ఇది చదివాను. చదివి, జర ఆగి చూద్దామన్నాను. వాడి బ్యాగులోని ఆ గోధుమరంగు కవరులో ఉన్నది ఎక్స్‌రే. ఆ హైదరాబాద్ రైలు మేమిద్దరం ఎక్కాల్సిన రైలు. ఆస్పత్రిలో పదకొండు రోజులు వాడి పక్కనే కూర్చున్నా వాడు ఆ మాట ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు? ఒకసారి కాదన్నవాళ్లను మళ్లీ అడిగే స్వభావం వాడికి లేదు.

ముందే తీసుకెళ్తే బతికేవాడా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనక చాలాకాలం దాక్కున్నాను. వాడు బతికేవాడా అన్నది ఒక ప్రశ్న. వాడు ఆ ఎనిమిది నెలలు తన అక్క అన్నీ తెలిసి ఊరుకుందని అనుకుంటూ దగ్గాడు అన్నది ప్రశ్న కాదు.

ఆ లోకాన్ని వాడి పేరుతోనే అందరికీ పంచాను. దానికి ముందు ఆ బండ కింది గదిని తీసేద్దామా అని ఒకరోజంతా ఆలోచించాను. ఇదీ చెప్పాలి కదా. తీయలేదు. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి నడుస్తున్నారు. శబ్దాలు బాగున్నాయని, చివరిదాకా వెళ్లామని రాస్తారు. ఆ గది గురించి ఇప్పటివరకు ఎవరూ రాయలేదు.

వాడు పోయిన రోజు వచ్చినప్పుడల్లా అమ్మ చర్చిలో లేచి నిలబడుతుంది. "నా కొడుకు ఎవ్వరికి చెప్పుకోలే. నొప్పంత లోపల్నే పెట్టుకొని పోయిండు" అంటుంది. పక్కన నేను బైబిలు పట్టుకొని తల దించుకుంటాను. కొడుకు తనను నమ్మలేదని ఆమె బాధ. ఆ బాధ నేను తీయగలిగినది. తీయడం లేదు. అమ్మకు చెప్పాలా వద్దా అని తేల్చాల్సింది నేనే, ఇప్పటికీ. అదే వాడు నాకు చివరగా అప్పగించిన పని. వచ్చే ఏడాదైనా చేస్తానా? మీకు మాట ఇవ్వలేను. నేనిచ్చే మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు.

కానీ ఒక వాక్యం ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, ఎవరి ముందూ అనలేదు. ఇక్కడ రాస్తే ఆ బరువు కొంచెం తగ్గుతుందేమో. అంతవరకే.

వాడు చెప్పాడు. నాకు చెప్పాడు. నేను వినలేదు.