మా ల్యాబ్ ఎత్తేసిన ఏడాది

మా అమ్మ గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. బడికి సెలవులొస్తే నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక డ్యూటీకి వెంట తీసుకెళ్ళేది. పుళ్ళు కడిగే గదిలో తెల్లటి ఎనామెల్ బేసిన్‌లో నీళ్ళు పోసి, చిటికెడు పర్మాంగనేట్ పలుకులు వేసేది. ఒక్కో పలుకు అడుక్కి దిగుతూ వెనక ఊదారంగు దారం వదిలేది. కాసేపటికి దారాలన్నీ కలిసి నీళ్ళంతా రంగెక్కేవి. కెమిస్ట్రీ ఎందుకు తీసుకున్నావని ఇంటర్వ్యూల్లో అడిగినప్పుడల్లా మందుల పరిశ్రమ గురించి ఏదో చెప్పేదాన్ని. అసలు కారణం ఆ బేసినే.

పీహెచ్‌డీకి హైదరాబాద్ వచ్చాను. అప్పటికి హైటెక్ సిటీ అంటే నాలుగు గాజు భవనాలు, వాటి చుట్టూ బండలు, తుప్పలు. మా యూనివర్సిటీ వెనక గోపన్‌పల్లి నిజంగానే పల్లె. గేదెలు రోడ్డు దాటేదాకా మా బస్సు ఆగేది. మా గైడ్ మెదక్ వైపు మనిషి. క్లాసులో ఇంగ్లీషు, ల్యాబ్‌లో తెలంగాణ మాట. ప్రయోగం చెడిపోయి నేను మొహం వేలాడేసుకుని నిలబడితే, గాజు కుప్పెను వెలుతురుకేసి పట్టి చూసి అనేవారు:

"రాలేదంటే అది గూడ ఒక జవాబే బిడ్డా. గిది గిట్ల రాదని లోకంల మనకొక్కలకే ఎరుక ఇప్పుడు. పోయి అన్నం తిను."

ఆ మాట విని చాలాసార్లు అన్నం తిన్నాను. డిగ్రీ వచ్చేసరికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోస్టులు భర్తీ చేయడం మానేశారు. నోటిఫికేషన్ వస్తుందన్నారు. వచ్చింది, కోర్టుకెళ్ళింది, ఆగిపోయింది. ఈలోగా పెళ్ళయింది. మా ఆయనది హైదరాబాద్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి ఊరు మారే పనిలేదు. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేదాకా చేద్దామని బాచుపల్లిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. అక్కడే అసిస్టెంట్ ప్రొఫెసర్‌నయ్యాను, అసోసియేట్‌నయ్యాను, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక ప్రొఫెసర్‌నీ అయ్యాను. ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరంటే పెళ్ళింట్లో దూరపు చుట్టం లాంటిది. ఎవరూ వెళ్ళమనరు, ఎవరూ పనిగట్టుకుని పలకరించరు.

అయినా అక్కడ ఒక చిన్న పరిశోధన ల్యాబ్ కట్టుకున్నాను. మూడో అంతస్తులో, కారిడార్ చివర రెండు గదులు. విషవాయువుల్ని బయటికి లాగేసే గాజు అర ఒకటి, రెండు బల్లలు, ద్రావకాల్ని ఆవిరిచేసి తీసే ఒక పాత రోటరీ యంత్రం. మా కాలేజీ అనుబంధంగా ఉన్న యూనివర్సిటీ వాళ్ళు వచ్చి చూసి, ఇక్కడ పీహెచ్‌డీ చేయించవచ్చని గుర్తింపు ఇచ్చారు. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో నేనే అందరికీ సమోసాలు పెట్టాను.

ఆ ల్యాబ్‌కి పరిశోధన చేస్తానని వచ్చిన ఒకే ఒక్క మనిషి జీడిమెట్ల అమ్మాయి. అక్కడే ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో పనిచేసేది. పార్ట్‌టైమ్‌గా చేస్తానంది. ఏ అంశం మీద పని చేయాలనుకుంటున్నావని అడిగితే, ముందే ఆలోచించుకుని వచ్చినట్టు టకటకా చెప్పింది.

"మేడమ్, మా నాయన జీడిమెట్లల్నే మందుల ఫ్యాక్టరీల రియాక్టర్ల కాడ పని చేసిండు. సాల్వెంట్లల్ల చేతులు పెట్టి పెట్టి తోలు ఊడిపోతుండె. అన్నం కలుపుకోరాకపోతే మా అమ్మ తినిపిస్తుండె. గా సాల్వెంట్ లేకుండ నీళ్ళల్ల చెయ్యొస్తదా అని చూడాలె నాకు."

ఒక మందు తయారీలో మధ్యలో వచ్చే ఒకే ఒక్క మెట్టు అది. దాన్ని విషపు ద్రావకంలో కాకుండా మామూలు నీళ్ళలో జరిపించడం. పుస్తకాల్లో సులువు, గాజు కుప్పెలో కాదు. ఆ అమ్మాయి షిఫ్టు దిగి నేరుగా వచ్చేది. శనివారాలు, ఆదివారాలు ల్యాబ్‌లోనే. చాలాకాలం ఏమీ రాలేదు. జిగురు వచ్చేది, నల్లటి మడ్డి వచ్చేది. మా గైడ్ నాకు చెప్పిన మాటే నేను తనకు చెప్పేదాన్ని. కానీ నా గుంటూరు యాసలో ఆ మాటకు అంత బలం ఉండేది కాదనుకుంటాను. నవ్వి, మళ్ళీ మొదలుపెట్టేది.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి నేరుగా కాలేజీకి వెళ్ళాను. తలుపు తీయగానే కేకేసింది.

"మేడమ్, జల్ది రాండ్రి!"

కుప్పెలో నీళ్ళ మీద తెల్లటి పొరలు తేలుతున్నాయి, విరిగిన పాలలాగా. వడకట్టి ఆరబెట్టి చూశాం. మాకు కావలసిన పదార్థమే. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళలాగా ఇద్దరం చెమటలు కక్కుతూ నవ్వాం. నా ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగ్గ రోజు ఏదని అడిగితే ఆ ఆదివారమే చెబుతాను.

ఆ తర్వాత ల్యాబ్ పోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కాలేజీలో సివిల్ బ్రాంచి తీసేశారు, తర్వాత మెకానికల్ సగానికి తగ్గించారు. కంప్యూటర్ సెక్షన్లు మాత్రం పెరుగుతూ పోయాయి. పిల్లల తల్లిదండ్రులు వచ్చేదే వాటికోసం, కాదనడానికి లేదు. ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయనది భీమవరం. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగరు.

"కూర్చోండి మేడమ్ గారూ. కాఫీ చెప్పనా?"

"వద్దండి."

"మేనేజ్‌మెంట్ ఒక నిర్ణయం తీసుకుందండి. కారిడార్ చివర మీ రెండు గదులూ కలిపి ఏఐ ల్యాబ్ చేద్దామంటున్నారు. సెమిస్టర్ అయ్యేలోపు ఖాళీ చేస్తే సరిపోతుంది."

"నా స్కాలర్ ఉందండి. ఇంకొక్క సెట్టు ప్రయోగాలు మిగిలాయి. అవి చేస్తే థీసిస్ రాసేసుకుంటుంది."

"నేనూ అదే చెప్పానండి. ఒక్క స్కాలర్ కోసం రెండు గదులా అన్నారు." కాసేపు బల్ల మీది పెన్నుని అటూ ఇటూ దొర్లించారు. "మీ ఉద్యోగానికి ఏమీ ఢోకా లేదండి. మొదటి ఏడాది వాళ్ళకి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మీరే చెప్పాలి."

నాకు ఢోకా లేదన్న మాట వినగానే లోపల ఎక్కడో కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి మర్చిపోలేను.

ల్యాబ్ పోతే గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే ఆ అమ్మాయి ఇంకో గుర్తింపు ఉన్న చోటికి మారాలి. మిగిలిన ప్రయోగాలు అక్కడి ల్యాబ్‌లో చేసుకోనివ్వమని ముందు వాళ్ళ కంపెనీనే అడిగింది. మా లైసెన్సుకి ఇబ్బంది, కుదరదన్నారు. నాకు తెలిసిన కాలేజీల్లో అడిగాను. సగం చోట్ల కెమిస్ట్రీ గదులు అప్పటికే లేవు. చివరికి మా గైడ్ దగ్గరికి వెళ్ళాం.

రిటైరయ్యాక ఆయన గోపన్‌పల్లిలోనే ఫ్లాట్ కొనుక్కున్నారు. ఒకప్పుడు గేదెలు పడుకున్న చోట ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లే. భార్య పోయింది, పిల్లలు లేరు, ఒక వంటామె వచ్చి పోతుండేది. వయసుకి చెయ్యి వణికేది. చాయ కప్పు రెండు చేతులతో పట్టుకునేవారు. అమ్మాయి తన పనంతా చెబుతుంటే మధ్యలో ఆపి నాలుగు ప్రశ్నలు వేశారు. అన్నిటికీ జవాబు వచ్చాక నా వైపు తిరిగారు.

"మంచి పిల్ల దొరికింది నీకు. ఫోన్లు చేస్తే ఎవ్వడు ఎత్తడు. రేపు మన యూనివర్సిటీకి నేనే వస్త, నడువుండ్రి."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని కింద నిలబడి ఉన్నారు. నా కారులో నేను చదివిన యూనివర్సిటీకి వెళ్ళాం. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు అద్దం దించమన్నాడు.

"ఎవర్ని కలుస్తరు సార్? పాస్ ఉందా?"

"నేను ఈడ్నే పని చేసిన బాబూ. కెమిస్ట్రీ."

"అందరు గట్లనే చెప్తరు సార్. జర బండి పక్కకు పెట్టుండ్రి, లోపలికెల్లి ఫోన్ వస్తే ఇడుస్త."

వాడి తప్పేమీ లేదు, వాడి పని అది. ఫోన్ వచ్చేదాకా ఎండలో కూర్చున్నాం. సారు గేటు వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న టీ బండి వైపు చూస్తూ కూర్చున్నారు.

డిపార్ట్‌మెంట్ హెడ్ నాకు జూనియర్. సారు లోపలికి రాగానే లేచి కాళ్ళకు దండం పెట్టాడు, తన కుర్చీలో కూర్చోమన్నాడు, చాయ తెప్పించాడు. అంతా విన్నాడు. విన్నాక తల దించుకున్నాడు.

"మీరొచ్చి అడిగితే కాదనడానికి నోరు రావట్లేదు సార్. మా పిల్లలకే బల్లలు చాలట్లేదు. గైడ్‌లందరికీ స్కాలర్లు నిండిపోయారు. పైగా ఈ అమ్మాయి బయట కంపెనీలో పనిచేస్తుంది. రేపు ఏమన్నా ప్రమాదం జరిగితే జవాబు చెప్పాల్సింది నేను."

సారు చాయ పూర్తిగా తాగి, కప్పు జాగ్రత్తగా సాసర్లో పెట్టి లేచారు. కారులో తిరిగి బయల్దేరాం. గోపన్‌పల్లి మలుపు దగ్గర ఆయనే అన్నారు.

"డిపార్ట్‌మెంట్ల నా పాత రూము కిటికీకి పరదలు ఏసిండ్రు, చూసినవా? ఆడికెల్లి బండలు కనవడుతుండె నాకు."

వెనక సీట్లో అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఏడుస్తోందని అద్దంలో చూశాను.

సెమిస్టర్ చివర్లో మనుషులొచ్చి ల్యాబ్ విప్పేశారు. గాజు అరని పగలగొట్టకుండా తీయడం కుదరదన్నారు. సీసాల్లో మిగిలిన రసాయనాల్ని నేనూ ఆ అమ్మాయీ కలిసి లేబుళ్ళు చూసి వేరుచేశాం. ఏది దేని పక్కన ఉండకూడదో చూసుకుంటూ పెట్టెల్లో సర్దాం. రసాయన వ్యర్థాల్ని పారబోసే కంపెనీ వాళ్ళు పట్టుకెళ్ళారు. తను తయారు చేసిన తెల్లటి పొడి చిన్న సీసాలో ఉంటే, ఇంటికి తీసుకెళ్ళనా అని అడిగింది. ఇంట్లోకి పక్కింటి పిల్లలు వస్తుంటారు, వద్దన్నాను. అదీ పెట్టెలో వేసింది. కొన్ని నెలలకు ఆ గదుల్లో ఏసీలు, వరుసగా కంప్యూటర్లు వచ్చాయి. ప్రారంభానికి నన్నూ పిలిచారు. వెళ్ళాను. దీపం వెలిగించేటప్పుడు పక్కన నిలబడ్డాను.

ఆ వానాకాలమే సారు పోయారు. పక్షవాతం. ఆసుపత్రిలో కొద్ది రోజులున్నారు, మాట తిరిగి రాలేదు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో, కార్ల మధ్య పడుకోబెట్టారు. ఆయన దగ్గర చదివినవాళ్ళం చాలామందిమే వచ్చాం. పని దినం కాబట్టి సగంమంది ఆఫీసుల్లోంచి మెడలో ఐడీ కార్డులతోనే వచ్చారు. ఒకతను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకామె కోచింగ్ సెంటర్‌లో ఎంట్రన్సులకు చెబుతోంది. నాతో పాటు ఒకే బల్ల మీద పనిచేసిన మిత్రుడు తెల్లాపూర్ వైపు ఫ్లాట్లు అమ్ముతున్నాడు. వాన తగ్గేదాకా ఆగాలని, ఒకరినొకరు ఏం చేస్తున్నావంటే ఏం చేస్తున్నావని అడుగుతూ నిలబడ్డాం.

"నువ్వింకా కెమిస్ట్రీలోనే ఉన్నావా?" అన్నాడు ఆ మిత్రుడు, ఇంకా అదే కిరాయి ఇంట్లో ఉన్నావా అని అడిగినట్టు.

"ఆఁ" అన్నాను.

"నయం. సార్ పేరు నువ్వొక్కదానివే నిలబెట్టావు."

అంబులెన్సు వాన్ వెనక్కి వస్తోంది, అందరం పక్కకు జరిగాం.

జీడిమెట్ల అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. అప్పటికే సారుని తీసుకెళ్ళిపోయారు. గోడవార నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. తన మెడలోనూ ఐడీ కార్డు ఉంది. హైటెక్ సిటీలో పెద్ద టవర్లో ఉద్యోగమట.

"మందుల కంపెనీయేనా?"

"మందులదే మేడమ్, కని ల్యాబ్ కాదు. మందు వాడినోళ్ళకు ఏమేం అయిందో దునియాల నలుమూలలకెల్లి రిపోర్టులొస్తయి. చదివి కంప్యూటర్ల ఎక్కియ్యాలె. దద్దుర్లు, వాంతులు, కండ్లు తిరుగుడు. ఒక్కోపారి మనిషే సచ్చిపోయిండని ఉంటది. దానికి గూడ ఒక కోడే."

"పని ఎలా ఉంది?"

"మంచిగనే ఉంది. జీతం ఎక్కువ. ఏసీల కూసుంటం. మా అమ్మ ఖుష్." తడిసిన చున్నీ పిండుకుంటూ నన్ను చూడకుండా చెప్పింది. "పీహెచ్‌డీ ఇడిసిపెట్టిన మేడమ్. రిజిస్ట్రేషన్ గడువైపోయింది, రెన్యువల్‌కు పోలే. మీకు ఫోన్ల చెప్పబుద్ధి కాలే."

"మంచి పనే చేశావులే" అన్నాను. నీళ్ళలో ఆ చర్య జరుగుతుందని ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళు ముగ్గురం. అందులో ఒకరిని అప్పుడే శ్మశానానికి తీసుకెళ్ళారు. తను క్యాబ్ ఎక్కేముందు నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

ఆ తర్వాతి సోమవారం నాకు మొదటి ఏడాది వాళ్ళ క్లాసు. ఇప్పుడు ప్రాక్టికల్స్ తెర మీదే. మౌస్‌తో సీసా ఎత్తుతారు, మౌస్‌తో ఒంపుతారు, కింద రంగు మారుతుంది. ఆ రోజు ఒక ఎస్టర్ తయారుచేసే ప్రయోగం. చివర్లో తెర మీద 'తీయని వాసన గమనించండి' అని వచ్చింది. పిల్లలంతా నొక్కి ముందుకెళ్ళిపోయారు. ముందు వరుసలో ఒక అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది.

"మేడమ్, తీయని వాసనంటే ఎట్లుంటది?"

"బాగా మగ్గిన అరటిపండులా ఉంటుందమ్మా. కొంచెం గోళ్ళరంగులా కూడా."

ఆ పిల్ల తలూపి రాసుకుంది. మా అమ్మ బేసిన్ సంగతి కూడా చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా ఎవరో అటెండెన్స్ అని గుర్తుచేశారు. తీసుకున్నాను.