బూబమ్మ గడప దగ్గర

భర్త పోయాక జైతున్‌బీ గుంటూరులో కాలేజీ పిల్లలకు అన్నం పెట్టి బతికింది. ఆ ఇంటికి బోర్డు లేదు. అక్కడ తినే పిల్లలమంతా ఆమెను బూబమ్మ అని, ఇంటిని బూబమ్మ మెస్సు అని అనేవాళ్ళం. కులం అడగకుండా పక్కపక్కన కూర్చోబెట్టే చోట్లు ఆ రోజుల్లో ఎన్ని ఉండేవి కనుక! వంటలో కారం ఎక్కువ, మాటలో ఇంకా ఎక్కువ.

ఆమెకొక పట్టింపు ఉండేది. తిని లేచి ఎవరైనా "వెళ్తా" అంటే ఊరుకునేది కాదు. "మళ్ళీ రానివాడిలా వెళ్తానంటావేందిరా? వెళ్ళొస్తానను!" అని గరిటె ఎత్తేది. బి.ఎ. చదివే మహానుభావులైనా ఆ మాట అప్పజెప్పి కదలాల్సిందే. చాదస్తానికి మందేముందిలే అని వెనక నవ్వుకునేవాళ్ళం.

అరవై రెండులో పి.యు.సి. ఫలితాలు పేపర్లో పడ్డాయి. పర్చూరు వైపు నుంచి వచ్చిన ఇమ్మానియేలు నంబరు అందులో లేదు. వాళ్ళింట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాడతను. ఆ మధ్యాహ్నం అన్నం కెలికి లేచి, "వెళ్తానమ్మా" అన్నాడు.

"వెళ్ళొస్తానను."

ఇమ్మానియేలు గడప వైపు అడుగేశాడు.

"అనరా!"

అబద్ధమాడటం చేతకాని పిల్లాడు. తల వంచుకుని నిలబడిపోయాడు. బూబమ్మ గరిటె కింద పెట్టి, గడపకు అడ్డంగా కూర్చుంది.

"చచ్చిపోదామనుకుంటున్నావా నాయనా?"

అంత మాట మొహం మీదే అడిగేసరికి, పక్కన తింటున్న నేను ఎంగిలిచేత్తోనే లేచాను. ఇమ్మానియేలు తలూపాడు. ఆపైన వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మా నాయనకి మొహం ఎట్టా చూపించనమ్మా?"

"నేనూ వస్తా పద. ఇద్దరం చూపిద్దాం."

పొయ్యి ఆర్పి, మిగతా వాళ్ళను ఆ పూటకు పస్తు పెట్టి, అతని చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. నేనూ వెంట వెళ్ళాను.

తండ్రి జక్రయ్య పాక ముందు కూర్చుని ఎండుమిరపకాయల తొడాలు తీస్తున్నాడు. బూబమ్మ ఏదీ దాచలేదు.

"పరీక్ష పోయిందయ్యా. చచ్చిపోదామనుకున్నాడు. నీ దగ్గరికి తీసుకొచ్చా."

జక్రయ్య లేచాడు. కొడతాడని భయపడ్డాను.

"ఒరేయ్, నారు పోతే మళ్ళీ పోసుకుంటాం. నువ్వు పోతే నాకేముందిరా?"

కొడుకు కన్నీళ్ళు తుడవబోయి ఆగి, తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ నిండా మిరప ఘాటు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, తన చెంపతో కొడుకు ముఖం తుడిచాడు.