గెడ్డ అవతలి చాప

నా చిన్నప్పుడు మా కొండ మీద యోగం అనే మాట ఎవరికీ తెలీదు. ఇప్పుడు అరకు సంతకి పోతే చిన్న పిల్లలు కూడా చెప్పేస్తున్నారు, ఈ ఆసనం నడుముకి, ఈ ఆసనం మోకాళ్ళకి అని. మొన్న నా మనవరాలు విశాఖపట్నం నుంచి నాకో నీలం రంగు రబ్బరు చాప తెచ్చింది. "ముసలాళ్ళకి శానా మంచిదంట అమ్మమ్మా, రోజూ సెయ్యి, ఆయుష్షు పెరుగుతాది" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. దాన్ని బాధపెట్టడం ఎందుకని చాప తీసుకుని అటక మీద పెట్టాను.

అప్పట్లో మా ఇంట్లో మేం ముగ్గురమే. మా తాతయ్య, మా నాన్న, నేను. నన్ను కన్న నెలకే మా అమ్మ చలిజ్వరంతో పోయిందట. నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్నని ఘాటు రోడ్డు పనికి వెట్టికి తీసుకుపోయారు. ఒక్క నెల అన్నారు. ఏడాది దాటినా పంపలేదు. మా తాతయ్యకి అప్పటికే ఆయాసం. నాలుగడుగులు వేస్తే చాలు, ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. చలికాలమంతా పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఆయనకి ఒకటే బెంగ. కొడుకు తిరిగొచ్చేలోగా తను పోతే ఈ పిల్లగుంట గతేమిటని. నాతో ఎప్పుడూ అనలేదు. పక్కింటి పెద్దమ్మతో అంటుంటే తడిక చాటునుంచి విన్నాను.

ఆ వానాకాలం మా కొండ కింద గుహలోకి ఎక్కడినుంచో ఒక బైరాగి వచ్చి చేరాడు. మా తాతయ్య ఆగి ఆగి దిగి వెళ్ళి, రోజూ ఆయనకి చోడి అంబలి, అదే రాగి అంబలి, ఇచ్చి వచ్చేవాడు. అంబలికి బదులుగా ఆ బైరాగి ఊపిరి తీసుకోవడం నేర్పాడు. పుట్టినప్పటినుంచీ తీసుకుంటున్నదే కదా, కొత్తగా నేర్పేదేమిటని మా ఊళ్ళో నవ్వని వాళ్ళు లేరు. మా తాతయ్య పట్టించుకోలేదు. తన చేతులతోనే ఒక ఈతాకు చాప అల్లుకున్నాడు. తెల్లవారి పొగమంచు ఇంకా విడవకముందే దాన్ని వాకిట్లో పరుచుకుని, వెన్ను నిలబెట్టి కూర్చుని, ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో గాలి పీల్చేవాడు. తరవాత చేతులు పైకెత్తి మెల్లిగా వంగేవాడు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు పొట్టకి హత్తుకునేవాడు. అన్నీ అయ్యాక చివర్న కాళ్ళూ చేతులూ వదిలేసి చచ్చినవాడిలా పడుకునేవాడు.

ఆ చివరిదంటేనే నాకు భయం. పరుగున వెళ్ళి ఆయన పొట్ట మీద అరచెయ్యి వేసి చూసేదాన్ని. కళ్ళు తెరవకుండానే, "ఉన్నానే గుంటా, ఉన్నాను" అనేవాడు. ఆ మాట వినపడితేగానీ నేను పొయ్యి దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. బైరాగి వానలు తగ్గగానే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడుగానీ, ఆ చలికాలం మా తాతయ్య పడుకుని నిద్రపోయాడు. మరుసటేడు తనని చూసి నవ్విన వాళ్ళతో సమానంగా కొండ మీద సామలు కోశాడు.

నాకు ఎనిమిదేళ్ళు వచ్చాయి. కొండలన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా ఉన్న రోజుల్లో మా నాన్న తిరిగొచ్చాడు. వచ్చింది మా నాన్నేనని మా తాతయ్య చెబితే తప్ప నేను గుర్తుపట్టలేదు. ఎముకలూ దగ్గూ తప్ప మనిషిలో ఏమీ మిగల్లేదు. మా తాతయ్య ఆయన్ని తన ఎదురుగా కూర్చోబెట్టుకుని, తను నేర్చుకున్నదంతా నేర్పాలని చూశాడు. "ఇలాగ పీల్సు నాయినా, ఇలాగ వదులు" అంటూ బతిమాలేవాడు. పీల్చిన ఊపిరి సగంలోనే తెగిపోయేది, ఆ వెనకే నెత్తురు పడేది. వలిసె పూలు రాలకముందే మా నాన్న పోయాడు.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఊరి పక్కన పారే గెడ్డ అవతల దహనం చేశాక, పోయిన మనిషి వాడిన వస్తువులన్నీ అక్కడే నేరేడు చెట్టు కింద పెట్టేసి, వెనక్కి చూడకుండా గెడ్డలో మునిగి ఇంటికి రావాలి. అక్కడ పెట్టినవి ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే పోయినవాడి గాలి ఆ వస్తువు వెంట ఊళ్ళోకి వస్తుందని భయం. మా నాన్న గొంగళి, కంచం, చుట్టల సంచి మూట కట్టారు. అందరూ బయల్దేరుతుండగా మా తాతయ్య లోపలికి వెళ్ళి, తన ఈతాకు చాప చుట్టి తెచ్చి ఆ మూట మీద పెట్టాడు. "అది నాన్నది కాదు తాతా" అన్నాను. ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. అంత ఏడుపులో ఇంకెవరూ గమనించలేదు.

ఆ మర్నాటినుంచి ఆయన లేవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంబలి కాచి పెడితే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవాడు. వాకిట్లో కూర్చోవడం లేదు, వంగడం లేదు, ఊపిరి లెక్క లేదు. ఐదో రోజుకి పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, బయటికొచ్చి నా తల నిమిరింది. "మీ తాత ఉండాలనుకోడం లేదే గుంటా. కొడుకు కోసం ఉన్నాడు, కొడుకు ఎల్లిపోనాడు. నిన్ను మైదానంలో ఎవరింట్లోనో పనికి ఎట్టేస్తారు కాబోలు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. మంచిదే అయింది, దాచి ఉంటే నాకు తెలిసేది కాదు.

నాకు ఒక్కటే తోచింది. ఆ చాప ఉన్నన్నాళ్ళూ ఆయన బాగున్నాడు, చాప పోయింది, ఆయన పోతున్నాడు. ఎనిమిదేళ్ళ బుర్రకి అంతకంటే ఏం తడుతుంది? మిట్ట మధ్యాహ్నం అందరూ కొండ మీద పోడు చేలల్లో ఉన్న వేళ చూసి గెడ్డ దాటాను. నేరేడు చెట్టు కింద విప్పి పెట్టిన మూటలో మా నాన్న గొంగళి మంచుకి తడిసి ముద్దయి ఉంది. కంచంలో ఆకులు రాలి ఉన్నాయి. వెనక్కి పారిపోదామనే అనుకున్నాను. "నాన్నా, ఇది తాతది, నీది కాదు. తాత లేకపోతే నాకు ఎవరూ లేరు" అని గట్టిగా చెప్పి, గొంగళి కిందినుంచి చాప లాగాను. నెత్తిన పెట్టుకుని ఒకటే నడక.

బట్టలు ఉతకడానికి అప్పుడే గెడ్డలోకి దిగిన ఆడవాళ్ళు నన్ను చూసి గొల్లుమన్నారు. "సచ్చినోడి సాప తెచ్చీసింది, ఓలమ్మో!" అని కేకలు. నేను మా గుమ్మం చేరేసరికి ఊరు ఊరంతా పోగయింది. దగ్గరికి ఎవరూ రావడం లేదు. నిన్నటిదాకా నాతో ఆడుకున్న పిల్లల్ని వాళ్ళ అమ్మలు రెక్క పట్టుకుని వెనక్కి లాగేశారు. మంచీ చెడూ రోజులు చూసి చెప్పే మా ఊరి దిసారి వచ్చాడు. చాప ఉన్నపళంగా గెడ్డ దాటాలి, ఒక నల్లకోడిని కొయ్యాలి, ఈ పిల్ల తొమ్మిది రోజులు ఊరి బయట పాకలో ఉండాలి అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఊరి భయం ఆయనది. నేను చాపని గుండెలకి హత్తుకుని నిలబడ్డాను.

అప్పుడు మా తాతయ్య గుమ్మం పట్టుకుని బయటికి వచ్చాడు. ఐదు రోజుల తరవాత ఆయన నిలబడటం అదే మొదలు. ఛాతీ కొలిమితిత్తిలా కొట్టుకుంటోంది. చాపని చూశాడు, నన్ను చూశాడు.

"ఎందుకు తెచ్చినావే?"

"నువ్వు కూకుంటావని."

ఆయన మొహం ఎలా మారిందో నేను మాటల్లో చెప్పలేను. సంతోషం మాత్రం కాదు. ఎంతో దూరం నడిచి వచ్చి కాళ్ళు చాపుకున్న మనిషిని లేపి, ఇంకో కొండ ఎక్కాలి అని చెబితే ఎలా చూస్తాడో అలా చూశాడు. నా చేతుల్లోంచి చాప తీసుకున్నాడు. దిసారి అడ్డం వచ్చి, "వద్దురా బావా, నీ ఇంటికి గాలి వస్తాది" అన్నాడు.

"వస్తే నా కొడుకే గదేటి," అన్నాడు మా తాతయ్య. "రానీ."

ఊరందరూ చూస్తుండగానే వాకిట్లో ఆ చాప పరిచి కూర్చున్నాడు. వెన్ను నిలబెట్టాడు. ఒక ముక్కు మూసి గాలి పీల్చబోతే దగ్గు తెర వచ్చింది. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ దగ్గు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోలేదు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి ఆ వాకిట్లో మేమిద్దరమే మిగిలాం.

ఊరు మమ్మల్ని ఊరికే వదల్లేదు. ఆ ఏడు చిక్కుడు కొత్త పండగకి అందరిళ్ళకీ కొత్త చిక్కుళ్ళు వండి అడ్డాకుల్లో పంచారు, మా ఇంటికి పంపలేదు. మేం అక్కణ్ణుంచి వెళ్ళిపోయాక గానీ ఎవరూ గెడ్డలో నీళ్ళు ముంచేవాళ్ళు కాదు. పక్కింటి పెద్దమ్మ మాత్రం తడిక సందులోంచి ఉప్పూ మిరపకాయలూ అందించేది. మా ఇంటికి ఏ గాలీ రాలేదు. రెండేళ్ళు పట్టింది, ఊరు మళ్ళీ మా గుమ్మం తొక్కడానికి.

మా తాతయ్య ఒక్క రోజు కూడా మానలేదు. కానీ అంతకుముందు చాప మీద కూర్చుంటే ఆయన మొహంలో ఏదో ఆశ ఉండేది. ఆ తరవాత అది లేదు. పొలం పనికి పోయినట్టు పోయేవాడు, వచ్చేవాడు. ఒకసారి నేను, "ఇది సేత్తే నీకు హాయిగుంటాదా తాతా" అని అడిగాను. "నాకోసం సెయ్యడం లేదే" అన్నాడు. చివర్న చచ్చినవాడిలా పడుకున్నప్పుడు నేను పొట్ట మీద చెయ్యి వేస్తే మాత్రం ఎప్పటిలాగే, "ఉన్నానే" అనేవాడు.

నాకు పెళ్ళయింది. మా ఆయన ఇల్లరికం వచ్చాడు, మెతక మనిషి. మా పెద్దది పుట్టి మూడు నెలలైన ఒక పొద్దున్న, పిల్లకి పాలిస్తూ గుమ్మంలో కూర్చున్నాను. మా తాతయ్య చాప పరవలేదు. చుట్టి చంకలో పెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడ్డాడు. పిల్లని చూశాడు, పోడు మీదికి పోతున్న మా ఆయన్ని చూశాడు. చిన్నపిల్లాడు అమ్మని అడిగినట్టు అడిగాడు.

"ఇంక సాలా గుంటా?"

నేను సరే అని ఉండాల్సింది. ఆయన అడుగుతున్నదేమిటో నాకు తెలుసు, తెలియలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి. పదేళ్ళపాటు ఇష్టంలేని బరువు మోసిన మనిషి దించుకుంటానంటున్నాడు. "ఇంకొన్నాళ్ళు తాతా" అన్నాను. ఆయన తల ఊపాడు. వాకిట్లోకి వెళ్ళి చాప పరుచుకున్నాడు.

ఆ తరవాత ఇంకా రెండు వానాకాలాలు ఉన్నాడు. ఒక చలి పొద్దున్న, చేసేవన్నీ చేసి చివర్న పడుకున్నాడు. నేను ఎప్పటిలాగే వెళ్ళి పొట్ట మీద చెయ్యి వేశాను. వెచ్చగానే ఉంది. "ఉన్నానే" అంటాడని చూస్తూ కూర్చున్నాను. అలాగే చాలాసేపు కూర్చున్నాను. ఈసారి ఆ చాపని గెడ్డ అవతల నేనే నా చేతులతో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చాను.

ఆయన్ని బతికించాననే చాలా ఏళ్ళు అనుకున్నాను. ఊళ్ళోవాళ్ళూ అలాగే అనేవారు, గుండెగల పిల్ల అని. నాకూ వయసు మీద పడ్డాక, మా ఆయన పోయాక, అర్థమైంది. నేను ఆయన్ని వెళ్ళనివ్వలేదు. ప్రేమతోనే చేశాను, నా భయం కోసమూ చేశాను. రెండింటినీ ఇప్పటికీ విడదీయలేను. ఆయన మాత్రం ఒక్కనాడూ నన్ను మాట అనలేదు. నేను అడిగినన్నాళ్ళూ ఊపిరి తీసుకున్నాడు.

ఆయన్ని చూసి నేర్చుకున్నవన్నీ నేను ఈనాటికీ చేస్తాను. రబ్బరు చాప అటక మీదే ఉంది, నాకు నేను అల్లుకున్న ఈతాకు చాపే అలవాటు. మోకాళ్ళు ఒప్పుకోని రోజులున్నాయి, మనసు ఒప్పుకోని రోజులు ఇంకా ఎక్కువ. అలాంటి పొద్దున్న కళ్ళు మూసుకుని ఆయన్ని అడుగుతాను, ఇంక సాలా తాతా అని. నేను ఆయనకి ఏం చెప్పానో అదే వినిపిస్తుంది, ఇంకొన్నాళ్ళని. ఇంకేం చేస్తాను, వెన్ను నిలబెట్టి కూర్చుంటాను. అన్నీ అయ్యాక చివర్న కాళ్ళూ చేతులూ వదిలేసి పడుకుంటాను. చెయ్యి వేసి చూసేవాళ్ళెవరూ లేరు. నా చెయ్యి నేనే పొట్ట మీద వేసుకుని, "ఉన్నానే గుంటా, ఉన్నాను" అంటాను.